నాపరాతి గూడు

రాయి చల్లగా ఉంటుందని మా ఇంట్లో అందరి నమ్మకం. మా నాన్న నాపరాళ్ళు కొట్టేవాడు. ఊరి బయట గనిలో పొరలు పొరలుగా ఉండే రాయిని గునపంతో పెళ్ళగించి, ఉలితో అంచులు సాపు చేసి, పలకలుగా బండికెత్తేవాడు. మా ఇంటి నేల నాపరాయి, కప్పు నాపరాయి, గొడ్లు నీళ్ళు తాగే తొట్టి నాపరాయి, దొడ్డి చుట్టూ నిలువునా పాతినవీ నాపరాళ్ళే. గిన్నెలు పెట్టుకునే అరలు కూడా అవే. మా అమ్మ ఒకసారి విసుగొచ్చి, మంచాలకు కూడా పలకలే వెయ్యరాదూ, నవారు బిగించే పని తప్పుతుంది అంది. వేసవి మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిచిన ఆ నేల మీద వీపు ఆనిస్తే పోయిన ప్రాణం లేచొచ్చేది. రెంటచింతలలో ఎండాకాలాలు గడిపినవాళ్ళకు ఆ చలవ విలువ తెలుసు. అదే పలక మీద బయట ఎండలో కాలు పెడితే బొబ్బలెక్కుతుందనీ తెలుసు. కానీ అది ఎండ తప్పే గానీ రాయి తప్పు కాదని మా నాన్న లెక్క.

ఆ నమ్మకం మీదనే ఒక తాబేలుకు గూడు కట్టించాం. కట్టించాం అని అందర్నీ కలుపుకుంటున్నాను గానీ, కట్టమని అడిగింది నేను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

తాబేలు అక్కది. నాకు అయిదేళ్ళప్పుడు నాన్నకు గని దగ్గర పొద కింద దొరికితే తువ్వాల్లో మూటగట్టి తెచ్చాడు. చెరువుల్లో ఉండే రకం కాదు, మెట్ట తాబేలు. నీళ్ళలో వేస్తే మునిగి చస్తుంది. అప్పుడు గుప్పెడంత ఉండేది. నల్లటి డిప్ప మీద గడులు, ఒక్కో గడి నడిమి నుంచి అంచులకు పసుపుపచ్చ గీతలు, చిన్నపిల్లలు పలక మీద వేసే సూర్యుడి బొమ్మల్లాగా. పక్కింటి పెద్దమ్మ, మా మతం కాకపోయినా వరసకు పెద్దమ్మే, గోడ మీంచి చూసి, తాబేలు జొరబడ్డ కొంపా అమీనా జొరబడ్డ కొంపా ఒకటే, అవతల పారెయ్యండి అంది. అమీనా వచ్చి జప్తు చెయ్యడానికి మా ఇంట్లో రాళ్ళు తప్ప ఏమున్నాయి, ఎత్తుకెళ్ళగలిగితే ఎత్తుకెళ్ళమను అని మా నాయనమ్మ నవ్వింది. అట్లా తాబేలు మా ఇంట్లో ఉండిపోయింది. దానికి పేరు కూడా పెట్టలేదు. తాబేలు అనే పిలిచేవాళ్ళం, పిలిస్తే అది వచ్చిందీ లేదు.

అక్క దాన్ని పెంచిందంటే, దాని జోలికి పోకుండా పెంచింది. పొద్దున్నే గోరింట చెట్టు దగ్గర కాసేపు ఎండ కాచుకునేది. ఎండ ముదిరేసరికి నీళ్ళ బానలు పెట్టే గద్దె కిందికి దూరి, తడిమట్టిని ముందుకాళ్ళతో తోడుకుని, సగం ఒళ్ళు అందులో కప్పుకుని పడుకునేది. చలికాలం గడ్డివాములోకి పోయేది. వానలు పడ్డాయంటే దొడ్డంతా దానిదే. ఎంత వేడి తనకు పడుతుందో, ఎంత చలి పడదో దానికే తెలుసు. అక్క చేసిందల్లా రోజూ బానల కింద ఒక చెంబెడు నీళ్ళు ఒంపడమే.

పద్దెనిమిదో ఏట అక్క గుంటూరు మఠంలో చేరింది, సిస్టరు కావడానికి. నాయనమ్మ వీధివీధంతా చెప్పుకుని మురిసింది. అమ్మ వారం రోజులు ఏడ్చి, మా ఇంటి పిల్లను దేవుడు అడిగాడు గదా అని తనకు తానే చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నన్ను అడక్కుండా దేవుడు అడిగాడేంటి, ఈమె ఇచ్చిందేంటి అని. బస్సు దగ్గర అక్క నన్ను దగ్గరికి లాక్కుని ఒక్కటే చెప్పింది.

“దాన్ని దాని మానాన ఉండనియ్యవే. ఎండయితే అదే దాక్కుంటది. నేనొచ్చేదాకా బతికుంటే చాలు.”

మూడు మాటల్లో నేను విన్నది చివరిదొక్కటే. మఠంలో చేరినవాళ్ళను నాలుగైదేళ్ళ దాకా ఇంటికి పంపరని అందరూ చెప్పారు. నేను లెక్కచెయ్యలేదు. తాబేలు ఇక్కడుంది కాబట్టి అక్క వచ్చి తీరాలి, దాన్ని చూడ్డానికైనా. అది పోతే ఇక ఆమె రావడానికి మా ఇంట్లో ఏం మిగులుతుంది? అమ్మా నాన్నా నాయనమ్మా నేనూ ఉన్నాం గానీ, మమ్మల్ని వదిలిపెట్టేగా వెళ్ళింది. ఇప్పుడు వింటే పిచ్చి అనిపిస్తుంది. అప్పుడు నాకు అంతకంటే గట్టి నిజం లేదు.

ఆ డిసెంబరులో తాబేలు కనపడకుండా పోయింది. పదకొండు రోజులు వెతికాను. క్రిస్మసు పండగ కూడా నాకు ఎక్కలేదు. చివరికి గొడ్లకు గడ్డి దూస్తుంటే వాములో అమ్మ చేతికి తగిలింది, నిద్రలో ఉంది. నేను నాన్న కాళ్ళకు చుట్టుకుపోయి, దీనికి తలుపున్న ఇల్లు కట్టు, మళ్ళీ పోతే నేను చచ్చిపోతా అని ఏడ్చాను. నా ఏడుపుకు నాన్న ఎప్పుడూ ఆగలేడు.

జనవరిలో ఒక పొద్దున కట్టాడు. ఆ వేళప్పుడు ఇంటి పడమటి గోడ పక్కన హాయిగా నీడ ఉంటుంది కాబట్టి అక్కడ కట్టాడు. నాలుగు పక్కలా నాలుగు పలకలు సున్నంలో నిలబెట్టాడు. అది తవ్వుకుని పోకుండా, బయటి నుంచి ముంగిసలు తవ్వి రాకుండా కింద కూడా ఒక పలక పరిచాడు. పైన మూతకు దళసరి పలక, కుక్కలు నెట్టలేనంత బరువు. పెద్దవాళ్ళు ఇద్దరు పడితేగానీ కదలదు. ముందు పలక అడుగున ఆకులు పెట్టడానికి నా చెయ్యి పట్టేంత కంత కొట్టాడు. అన్ని అంచులూ ఉలితో నునుపు చేశాడు, దాని కాళ్ళు గీసుకుపోకుండా. కట్టడం అయ్యాక అరచేత్తో తట్టి, వందేళ్ళయినా చెక్కుచెదరదన్నాడు. ఆ మాట నిజమే. ఆ గూడు ఇప్పటికీ ఉంది.

మొదట్లో చలి భయం. పొద్దున్నే రాయి చల్లగా జివ్వుమనేది, తాబేలు రాయిలో రాయిలా బిగుసుకుని ఉండేది. నేను కంతలోంచి ఊక పోసి, పాత గోనె దూర్చేదాన్ని. మధ్యాహ్నం ఎండ పడమటి గోడకు తిరిగి గూడు వెచ్చబడితే మెడ బయటికి చాచి ఆకులు తినేది. చూడు, మహారాణిలాగా ఎట్లా ఉందో అని అమ్మ కూడా మెచ్చుకుంది. అక్కకు ఉత్తరంలో ఆ సంగతి గొప్పగా రాశాను. జవాబులో అక్క మెచ్చుకోలేదు, కింద మట్టి ఉందా అని మాత్రం అడిగింది. ఉందని రాశాను. నాన్న అంత కష్టపడి పరిచిన పలకను ఆమె తప్పుపడుతుందేమోనని అట్లా రాశాను గానీ, తాబేలుకు మట్టి ఎందుకో నేను ఆలోచించనే లేదు.

ఫిబ్రవరి చివరికి గూట్లోంచి చప్పుడు మొదలైంది. గీక్, గీక్ అని, ఆగి ఆగి. కంతలోంచి చూస్తే తాబేలు మూలకు చేరి ముందుకాళ్ళతో రాతినేలను గీకుతోంది. ఆడుకుంటోందనుకున్నాను. మట్టి కోసం తవ్వుతోందనీ, తవ్వితే దొరకని చోట పెట్టామనీ నాకు తట్టలేదు. ఆరేళ్ళు రోజూ చూసినదాన్ని, బానల కింద అది ఏం చేసేదో కళ్ళారా చూసినదాన్ని. నా తెలివి అట్లా ఏడ్చింది.

మార్చిలో మధ్యాహ్నాలు గూడు మీద చెయ్యి పెట్టి చూడటం మొదలుపెట్టాను. పది అంకెలు లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచగలిగితే ఫరవాలేదని నాకు నేనే ఒక కొలత పెట్టుకున్నాను. పది ఎనిమిదైంది, ఎనిమిది ఐదైంది. అప్పుడు గోనెపట్టా తడిపి మూత మీద కప్పడం మొదలుపెట్టాను. ఒంటిపూట బళ్ళు కాబట్టి మధ్యాహ్నానికి ఇంట్లోనే ఉండేదాన్ని. పన్నెండుకు ఒకసారి, రెండుకు ఒకసారి, నాలుగుకు ఒకసారి బావిలో చేద వేసి తోడి తడిపేదాన్ని. గోనె అంచు నుంచి నీళ్ళు ఒక మూల కంతలోకి కారేవి. తాబేలు ఆ మూలనే ఉండేది. బావిలో నీళ్ళు అప్పటికే అడుగంటి బురదగా వస్తున్నాయి. అమ్మ కసిరేది.

“ఈ ఎండల్లో పుట్టిందే ఎండకు చచ్చిద్దా ఏందే? నీళ్ళు మనుషులకే చాలట్లా.”

ఆ మాటే ఊరంతా అనేది. దానికి జవాబు చెప్పినాయన వేరే ఉన్నాడు.

రేడియోలో మా ఊరి పేరు ఎండాకాలంలో మాత్రమే వినపడేది, ఇంత ఎండ కాసిందని చెప్పడానికి. ఆ ఎండను కొలిచే చోటు ఊళ్ళోనే ఉంది. కంచె లోపల నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె, దానికి చుట్టూ సందులు సందులుగా చెక్క రెక్కలు. ఒకాయన రోజూ వేళకు వచ్చి, తలుపు తీసి, లోపలి గాజుగొట్టాలు చూసి కాగితం మీద రాసుకునేవాడు. బడి వదిలాక ఒకరోజు కంచె పట్టుకుని నిలబడి, బాబాయ్ అని పిలిచి నా గోడంతా చెప్పుకున్నాను. ఆ గాజుగొట్టం ఒక్క పూట మా గూట్లో పెట్టి చూస్తారా అని బతిమాలాను. సర్కారు సొమ్ము, కంచె దాటకూడదన్నాడు. కానీ తలుపు వేసి, నా ఎత్తుకు వంగి చెప్పాడు.

“దీనికిన్ని సందులెందుకు పెట్టారో తెలుసా అమ్మా? గాలాడకపోతే నీడ కూడా కాగుద్ది. నీది చుట్టూ రాయి అంటున్నావు. పడమటెండ పడితే అది గూడు కాదు, పొయ్యి.”

పరుగెత్తుకుంటూ వెళ్ళి నాన్నకు చెప్పాను. నాన్నకు కోపం రాలేదు, వస్తే బాగుండేది. తన గూడు వైపు చాలాసేపు చూశాడు. ఆ మధ్య డ్యాము కట్టే చోట ఇళ్ళు లేస్తున్నాయి, పలకలకు తెరిపి లేని గిరాకీ. పైగా తపస్కాలం, పండగకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, గుడిలో పండగ పనులకు మగవాళ్ళలో నాన్నే ముందుండాలి. మేం చర్చిని గుడి అనే అంటాం, ఈస్టరును పాస్కా అంటాం. సున్నం గట్టిపడింది, పలక లేపాలంటే గునపాలు వెయ్యాలి, ఇద్దరు మనుషులు కావాలి అని, పండగ వెళ్ళనియ్యవే, పాస్కా కాగానే కింది పలక లేపి మట్టి పోస్తా అన్నాడు. పోసేవాడే. మా నాన్న అన్నమాట తప్పిన మనిషి కాదు. పండగ ఇక పన్నెండు రోజులే ఉంది. పోనీ తాబేలును తీసి ఇవ్వమంటే, మళ్ళీ వాములోకో వీధిలోకో పోతే ఎవరు వెతకాలి అన్నాడు. ఆ మాట అనడానికి నేనేగా నేర్పింది. నోరు మూసుకుని గోనెలు తడుపుతూ రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఇక గుడ్‌ఫ్రైడే. ప్రభువు సిలువ మీద ఉన్న పన్నెండు నుంచి మూడు దాకా అందరం గుడిలో ఉండాలి. అది ఊరందరికీ ఉన్నదే. మా నాయనమ్మకు ఇంకొకటి ఉంది, వాళ్ళమ్మ నుంచి వచ్చింది. ఆ మూడు గంటలూ ఇంట్లో ఎవరూ బావిలో చేద వెయ్యకూడదు. ప్రభువు దాహంతో అల్లాడిన వేళ మనకు నీళ్ళేంటి అని. మా వీధిలో ముసలమ్మలందరూ అది పాటించేవాళ్ళు. గురువారం నుంచి గుడి గంట మోగదు, గంటకు బదులు చెక్కలు వాయిస్తారు. ఆ చెక్కల చప్పుడు వినపడగానే నాయనమ్మ చేదతాడు చుట్టచుట్టి, లోపల కొక్కేనికి తగిలించేది. మూడయ్యాకే మళ్ళీ అది బావి ముఖం చూసేది.

ఆ సంగతి తెలుసు కాబట్టి నేను పొద్దున్నే లేచి రెండు బిందెలు తోడి గూడు పక్కన పెట్టుకున్నాను. గుడికి పోయే ముందు గోనెలు నాలుగు మడతలుగా పూర్తిగా తడిపితే మూడు దాకా కాకపోయినా రెండున్నర దాకా ఆగుతాయని నా అంచనా. అదొక్కటే నా చేతిలో ఉంది. తొమ్మిదయ్యేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు రావడం మొదలైంది. మా ఇల్లు గుడి వీధిలో మొదటిది. బండి దిగిన ప్రతివాళ్ళూ మా అరుగు మీద కూలబడి, పాపా కాసిని మంచినీళ్ళియ్యి అనేవాళ్ళు. ఉపవాసం ఉండి ఆమడదూరం నుంచి వచ్చినవాళ్ళు, చంకల్లో పిల్లలు. ఇంట్లో బాన ఖాళీ అయింది. తర్వాత నా బిందెలే. లేవని చెప్పడానికి నోరు రాలేదు. చివరిగా ఒక ముసలాయన నా చేతిలో చెంబు తీసుకుని తాగి, సల్లగా ఉండు తల్లీ అన్నాడు.

మళ్ళీ తోడదామని వెళ్ళేసరికి బావి చుట్టూ ఆడవాళ్ళు. నా వంతు వచ్చేలోపల చెక్కలు మోగాయి. నాయనమ్మ వచ్చి తాడు చుట్టింది. బిందె అడుగున మిగిలిన చెంబెడు నీళ్ళు గోనె మీద పోశాను. నడిమి మాత్రం తడిసింది. మూత తీసి తాబేలును ఇంట్లో పెడదామన్నాను అమ్మతో. మూత ఎవరు లేపాలి, మీ నాన్న పొద్దుననగా గుడికి పోయాడు, మూడయ్యాక చూద్దాం పద అని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

గుడి నేల కూడా నాపరాయే, బహుశా మా నాన్న కొట్టినవే. చల్లగా ఉంది. ఆ చల్లదనం మీద కూర్చోవడం నాకు అంత అసహ్యంగా ఇంకెప్పుడూ అనిపించలేదు. సొరూపాలన్నిటికీ, అంటే విగ్రహాలకు, ఊదారంగు గుడ్డలు కప్పి ఉన్నాయి. అమ్మ చిన్నపిల్లల తల్లులతో వెనక కూర్చుంది, నేను నాయనమ్మ పక్కన. పడమటి తలుపు తెరిచి ఉంది. మొదట అక్కడ ఎండ గడప అవతలే ఉంది. ఒక ప్రసంగం, ఒక పాట, మోకాళ్ళ మీద ఒక జపం. ఎండ గడప దాటింది. ఇంకో ప్రసంగం. జానెడు లోపలికొచ్చింది. ఈ వేళకు గోనె ఆరిపోయి ఉంటుంది. అక్కడ కూర్చున్న ఒకామె పాదాలు వెనక్కి లాక్కుంది. ఎండ మూరెడైంది. ఆమె పూర్తిగా పక్కకు జరిగింది. ఆ జాగాలో పలక ఎంత కాలుతోందో తాకి చూడాలనిపించింది. పది అంకెలు లెక్కపెట్టగలనా, ఐదా, రెండా. తలుపు లోపల, అప్పటిదాకా గుడి నీడలో ఉన్న పలకే అట్లా కాగితే, పడమటి గోడకు ఆనించిన రాయి ఎట్లా ఉంటుంది?

దేవుణ్ణి బతిమాలాను. మబ్బు పట్టించమని అడిగాను. ఆ రోజు సూర్యుడు చీకటైపోయాడని ఫాదరు గారే చెప్పారు గదా, మళ్ళీ ఒక్కసారి చెయ్యరాదా అని అడిగాను. అక్కను ఇచ్చాం గదా, బదులుగా ఇది చాలదా అని కూడా అడిగాను. ఎండ ఇంకో బెత్తెడు జరిగింది.

ఫాదరు గారు ప్రభువు దాహం గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఇక ఆగలేకపోయాను. ఒక మోకాలు పైకెత్తి లేవబోయాను. నాయనమ్మ కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. నేను కూర్చుండిపోయాను. మూడు దాకా అట్లాగే ఉన్నాం.

మూడయ్యాక సిలువను ముద్దు పెట్టుకోవడానికి జనం వరసలు కట్టారు. నేను ఆ సందులో బయటపడి పరుగెత్తాను. ఇంటికొచ్చి వెనక్కి చూస్తే నాయనమ్మ కూడా వస్తోంది. ఆమె జీవితంలో సిలువ ముద్దు పెట్టుకోకుండా గుడి దాటింది ఆ ఒక్కసారే. నేరుగా వెళ్ళి మూతకు రెండు చేతులూ ఆనించింది. ముసలామె, పదకొండేళ్ళ పిల్ల, ఇద్దరం నెట్టాం. నేను ఎండిన గోనె మడత పెట్టి పట్టుకున్నాను, ఆమె ఉత్త చేతులు పెట్టింది. మూత ఒక అడుగు పక్కకు జరిగింది.

తాబేలు మూలన ఉంది, గోనె నీళ్ళు కారే మూలన. మెడ ఎంత పొడుగు చాచగలదో అంతా చాచింది. నోరు తెరిచి ఉంది, చుట్టూ నురగ ఎండి తెల్లగా ఉంది. ముందుకాళ్ళ గోళ్ళు మొండిగా అరిగిపోయి ఉన్నాయి. అన్ని రోజులూ ఎంత తవ్విందో అప్పుడు చూశాను.

నాయనమ్మ లోపలికి పోయి కొక్కెం మీది తాడు తెచ్చి చేద వేసింది. తోడి దాని మీద పోసింది, మళ్ళీ తోడింది, మళ్ళీ పోసింది. ఇక చాలు నాయనమ్మా అని నేను అనేదాకా పోస్తూనే ఉంది. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. అన్ని నీళ్ళు పోసినా డిప్ప లోపలి నుంచి వెచ్చగా తగులుతూనే ఉంది. ఆ వెచ్చదనం వల్ల ప్రాణం ఉందేమోనని పొద్దుగూకేదాకా ఆశపడ్డాను. అది రాతివేడి. చీకటిపడ్డాక చల్లారింది.

నాన్న వచ్చి చూసి దొడ్లోకి పోయాడు. మర్నాడు పొద్దున ఇద్దర్ని పిలుచుకొచ్చి గునపాలతో గూడు అడుగు పలక లేపేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే గదా. లేపుతున్నంతసేపూ ఆయన మొహం చూడలేకపోయాను. తాబేలును బానల గద్దె కింద, అది తోడుకునే చోటే పాతిపెట్టాం. నాయనమ్మ అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. పండగ రోజంతా చేతులు కొంగులో దాచుకునే తిరిగింది.

పండగ తర్వాత అక్క ఉత్తరం వచ్చింది. చివరి పంక్తి, తాబేలు ఎట్లా ఉంది, ఎండలు జాగ్రత్త. ఇంట్లో ఉత్తరాలు రాసేది నేనే. ఇప్పుడే చెప్పమాకు, ఒంటరిగా ఏడుస్తది అని అమ్మ అంది. బాగుంది అని రాశాను. ఆ మొదటి అబద్ధం అమ్మది అనుకున్నా, తర్వాతవన్నీ నావే. గుమ్మడిపూలు తింటోందని రాశాను. వానలకు దొడ్డంతా తిరుగుతోందని రాశాను. ఎండలకు బానల కింద మట్టి తోడుకుని చల్లగా పడుకుందని రాశాను. ఉత్తరాల్లో గూడు లేదు. నిజానికి ఎట్లా బతకనియ్యాల్సిందో అట్లా కాగితం మీద బతికించాను. రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాలి. తాబేలు దగ్గరికి వచ్చేసరికి నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. నాయనమ్మ మాత్రం కదలకుండా చివరిదాకా వినేది.

మరుసటి ఏడు గుడ్‌ఫ్రైడే రోజు చెక్కలు మోగకముందే నాయనమ్మ స్వయంగా నిండా ఒక బిందె తోడి, ఉత్త గూడు పక్కన పెట్టి, బిందెకు మూత వేసింది. ఆ తర్వాతే తాడు చుట్టింది. ఆ తర్వాత ఏటేటా అదే.

అయిదేళ్ళకు అక్క వచ్చింది, తెల్లబట్టల్లో, ఇంకో సిస్టరమ్మ తోడుగా, రెండు రోజులకు. నాకు పదహారేళ్ళు. మొదటిరోజంతా తాబేలు మాట ఎత్తలేదు. నేను మింగలేకా కక్కలేకా ఆమె ముందు పడకుండా తిరిగాను. సాయంత్రం అక్క దొడ్లో నాయనమ్మ మంచం పక్కన కూర్చుని నన్ను పిలిచింది. నాయనమ్మకు అప్పటికి చూపు దాదాపు పోయింది.

“నాకు మఠంలో సిస్టరు బట్టలిచ్చే పండక్కి గుంటూరొచ్చినప్పుడే నాయనమ్మ చెప్పింది. నా వల్లే పోయిందమ్మా అంది. మూడేళ్ళయింది. అయినా ప్రతి ఉత్తరంలో ఎందుకడిగానో తెలుసా? నువ్వే చెప్తావని.”

అక్క గొంతులో కోపం లేదు. ఎదురుచూస్తోంది, అంతే. మూడేళ్ళుగా ఎదురుచూసిందంట. గూడు అడిగింది నేనని, మట్టి ఉందని అబద్ధం రాసింది నేనని, నీళ్ళు పంచేసింది నేనని చెప్పాల్సిన చోటు అది. నా నోట్లోంచి వచ్చింది ఇది:

“నేను లేచా అక్కా. నాయనమ్మే చెయ్యి పట్టుకుని లేవనియ్యలా.”

మంచం మీది నుంచి నాయనమ్మ తల ఆడించింది.

“అవునమ్మా. నేనే పట్టుకున్నా.”

అక్క నాయనమ్మ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. నన్ను ఇంకేమీ అడగలేదు. మర్నాడు బస్సెక్కింది. ఆ తర్వాత ఆమె ఉత్తరాల్లో తాబేలు మాట ఎప్పుడూ రాలేదు. మరుసటి వానాకాలంలో నాయనమ్మ పోయింది.

ఆ చెయ్యి సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నలభై రోజులు ఒంటిపొద్దు ఉన్న ముసలామె చెయ్యి అది. వేళ్ళ మధ్య జపమాల ఉంది, పిడికిలి సరిగా మూసుకోనైనా లేదు. నా మణికట్టు మీద ఊరికే ఆనింది. కొంచెం లాగితే జారిపోయేది. గుడంతా నన్నే చూస్తుందని సిగ్గుపడి, పాపం తగులుతుందని భయపడి, ఇంకెంతసేపు, మూడు కావస్తోందిగా అని నాకు నేను చెప్పుకుని కూర్చున్నాను. తన చెయ్యి నన్ను ఆపగలిగేంత బలమైనది కాదని నాయనమ్మకు తెలుసు. తెలిసే, నేనే పట్టుకున్నా అంది.